తొమ్మిది తలుపుల బొంత

ఆ ఎండాకాలం నా భార్య కొమురవ్వ నా చారల లాగును మా లింబాయత్ పేట మొత్తానికి చూపించింది.

నాకు డెబ్బై రెండేళ్ళు. యాభై ఏళ్ళు సూరత్‌లో సాంచాల చప్పుడు మధ్య, మరమగ్గాలు నడుపుతూ బతికినవాణ్ణి. ఆ చప్పుడులో ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని మాటలు తగ్గించుకున్నాను. పని మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. నేను నోరు తెరిస్తే ఇంట్లో వాళ్ళు టీవీ ఆపి మరీ వింటారు.

మేముండేది చాలీలో. ఒకే పొడుగాటి గ్యాలరీకి వరసగా పది గదులు, మేడ మీద మాది మూడోది. ముందు గది, వెనక వంటిల్లు, రెండింటికీ మధ్య తలుపు లేదు, పరదా ఉంది. అందులో ఆరుగురం. నేను, కొమురవ్వ, కొడుకు రవీంద్ర, కోడలు మంగ, మనవడు మల్లేష్, మల్లేష్‌ను మాఘమాసంలో పెళ్ళి చేసుకుని సిరిసిల్ల పక్క నుంచి వచ్చిన కరుణ.

రవీంద్రది జోల్వా మిల్లులో రాత్రి పాలీ, రాత్రంతా డ్యూటీ. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, ముందు గదిలో ఫ్యాన్ కింద సాయంత్రం దాకా పడుకుంటాడు. మల్లేష్‌ది హజీరాలో పగటి పని. తెల్లారి కంపెనీ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు దిగుతాడు. తండ్రి చెప్పులు వేసుకుంటుంటే కొడుకు చెప్పులు విడుస్తాడు. రాత్రి ఆడవాళ్ళు గదిలో, మగవాళ్ళం డాబా మీద. బుధవారం మల్లేష్‌కు సెలవు. ఆ రోజు వాళ్ళ నాన్న ఫ్యాన్ కింద గురక పెడుతుంటాడు, నేను గుమ్మంలో కూర్చుంటాను, మంగ, కొమురవ్వ, పక్క గది లలితమ్మ గ్యాలరీలో చీరలకు మెరిసే టిక్కీలు అంటిస్తుంటారు.

ఇల్లు ఏ రోజూ, ఏ గంటా ఖాళీగా ఉండదు. అది అందరికీ తెలుసు. అయినా అందరూ ఒకే మాట అడిగేవారు.

"ఏమే మంగా, కోడలు ఏమన్న విశేషమా?" లలితమ్మ నీళ్ళ దగ్గర బిందె పెడుతూ అడిగేది.

"ఏడ విశేషం వదినా. మూడు నెలలాయె."

"పులుపేమన్న తింటున్నదా?"

"చింతకాయ తొక్కు తింటది. అది పెండ్లికి ముందుగాల్నుంచే తింటదట."

చివరికి మంగ ఆ పిల్లను లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. వచ్చేటప్పటికి మంగ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. కరుణ తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏమన్నదే డాక్టరమ్మ?" కొమురవ్వ అడిగింది.

"గామెకు జర షరం లేదు అత్తా. పది మంది ముంగట, మొగుడు పెండ్లాలు ఎన్ని దినాలకొకపారి కలుస్తున్రు అని అడిగింది."

"నువ్వేమన్నవు?"

"ఒకటే ఇంట్ల ఉంటున్రు, రోజు కలుస్తనే ఉన్నరు అన్న. ఆమె నన్ను ఎట్లనో చూసి, బలానికి మందు రాసిచ్చింది."

కొమురవ్వ నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను. ఆ క్యాలెండర్‌లో ఏప్రిల్ నెల ఇంకా పది రోజులుంది. ఆ పది రోజుల్నీ ఒక్కొక్కటిగా చదివాను.

బలం మందు సీసా తెచ్చిన మూడో రోజునే కరుణ పుట్టింటికి పోతానంది. ఎండాకాలం బండ్లలో చోటు దొరకదు. మల్లేష్ ఎంత తిప్పలు పడినా జూన్ రెండో గురువారానికి గానీ టికెట్ దొరకలేదు. అందరూ, మంచిదే, ఓ నెల ఉండి వస్తుంది అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి, ఆ రోజు డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చోకపోతే. కొమురవ్వ, కరుణ బట్టలు ఆరేస్తున్నారు. ట్యాంకు వెనక నేనున్నానని వాళ్ళకు తెలియదు.

"బాపమ్మా, నీకు ఒక్కదానికే చెప్తున్న. నేను పోతే మళ్ళ రాను."

"ఏమైంది బిడ్డా? మల్లేష్ గిట్ల ఏమన్న అన్నడా?"

"ఆయన ఏమంటడు. నాతోని ఒక్క దగ్గర కూసుండి మాట్లాడిందే లేదు. అన్నం పెట్టు, బస్సొచ్చింది, గివే మాటలు. ఆయన ఎడమ చెవు ఎనుక పుట్టుమచ్చ ఉన్నదని మొన్న పెండ్లి ఫొటోల చూస్తే తెలిసింది. ఇంట్ల మనిషి మచ్చ ఫొటోల చూసుకోవాల్నా?"

కొమురవ్వ చేతిలో కరుణ లోబట్టలు ఉన్నాయి. అలవాటు ప్రకారం వాటిని తీగ మీద వేసి, పైన తడి చీర కప్పింది. మా చాలీలో ఆడవాళ్ళ లోబట్టలు ఏనాడూ ఎండ చూసి ఎరగవు. చీర కిందే మగ్గి మగ్గి, వాసన పట్టాక ఎండాయని తీస్తారు. కప్పిన చీరను ఆమె ఒక నిమిషం చూస్తూ నిలబడింది. తర్వాత బకెట్ తీసుకుని కిందికి పోయింది.

మరునాటి నుంచి బొంత మొదలుపెట్టింది.

సూరత్‌లో గుడ్డముక్కలకు కరువు లేదు. చీరల కార్ఖానాల వెనక చిందీ మూటలు మూటలు పడి ఉంటుంది. కోడిపుంజు ఎరుపు, చిలకపచ్చ, సర్కస్ డేరా మీద ఉండే పసుపు, మెరిసే గులాబీ. మామూలుగా కొమురవ్వ అందులో నెమ్మది రంగులు ఏరి చతురస్రాలుగా కత్తిరించి కుడుతుంది. ఈసారి నెమ్మది రంగులన్నీ పక్కన పెట్టి కళ్ళు చెదిరేవే తీసింది.

"గివేం రంగులే?" లలితమ్మ అడిగింది. "పీర్ల పండుగనా?"

"కొత్తపిల్లకు కుడుతున్న. కొత్తపిల్లకు కొత్త రంగులు."

కుడుతున్నది ఎవరికీ చూపించేది కాదు. ఎవరైనా దగ్గరికి వస్తే తిరగేసి ఒళ్ళో పెట్టుకునేది. ఆ రోజుల్లోనే నా లాగులు పోవడం మొదలైంది. నేను ధోవతి కింద తొడిగేవి తెలుపు మీద నీలం చారల లాగులు. దర్జీ దగ్గర ఒకే తానులోంచి కుట్టించుకుంటాను, యాభై ఏళ్ళుగా అదే చార. నాలుగింట్లో ఒకటి కనపడలేదు. వారం తిరక్కుండా ఇంకొకటి.

"లాగేదీ?" అన్నాను.

"తొడుక్కున్నవు కద," అంది కొమురవ్వ దారం కొరుకుతూ.

"ఇంకోటి."

"గాలికి పోయినట్టున్నది."

రెండు లాగులు గాలికి పోవడం నాకు నమ్మకం కుదరలేదు. గ్యాలరీ అంతా తిరిగి పక్కవాళ్ళ తీగలన్నీ చూశాను. లలితమ్మ తీగ మీద నీలం చారల గుడ్డ కనపడితే దగ్గరికి పోయి పట్టి చూశాను. అది వాళ్ళ దిండు గలీబు. లలితమ్మ తలుపులో నిలబడి, "అన్నా, ఏం దేవులాడుతున్నవు?" అంది. ఏమీ చెప్పకుండా వచ్చేశాను. ముసలాయన లలితమ్మ దిండు గలీబు తడిమాడని సాయంత్రానికి చాలీ అంతా చెప్పుకున్నారు.

మే మూడో ఆదివారం పొద్దున, అందరూ నీళ్ళ కోసం గ్యాలరీలో ఉన్న వేళ, కొమురవ్వ బొంత తెచ్చి రెయిలింగ్ మీద పరిచింది.

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కింద రోడ్డు మీద ఇడ్లీ బండి వాడు గరిటె పట్టుకుని పైకి చూస్తూ ఉండిపోయాడు.

బొంత నిండా తలుపులు. ఒకటే తలుపు తొమ్మిది చోట్ల, ఒకచోట ఆకుపచ్చ, ఒకచోట నారింజ, ఒకచోట ఊదా. తలుపు మీద తువ్వాల వేలాడుతోంది. తలుపు ముందు రెండు జతల చెప్పులు. పైన బారుగా ఒక బట్టల తీగ, దాని మీద ఆడవాళ్ళ బాడీలు, ఒక్కొక్కటి గొడుగంత, చిలకపచ్చవి, గులాబీవి, పైన ఏ చీరా కప్పకుండా ఎండలో తళతళమంటున్నాయి. నట్టనడుమ అన్నింటికన్నా పెద్దగా ఒక మనిషి. బుర్రమీసాలు. ఒంటి మీద నీలం చారల లాగు తప్ప ఏమీ లేదు. మునివేళ్ళ మీద, పిల్లిలా తలుపు వైపు పోతున్నాడు. తలుపు సందులోంచి ఎర్రటి పెదాలు, పుచ్చకాయ ముక్క అంతవి, నవ్వుతున్నాయి.

ఆ లాగు బొమ్మ లాగు కాదు. నా లాగే. బొందుతో సహా కుట్టేసింది.

ఆ తువ్వాలల సంగతి మా వయసు వాళ్ళకు మాత్రమే తెలుసు. మేం సూరత్ వచ్చిన కొత్తలో ఒకే గదిలో మూడు జంటలం ఉండేవాళ్ళం. మేము, సదానందం వాళ్ళు, మొండయ్య వాళ్ళు. మధ్యలో గోడ లేదు, పరదా కూడా లేదు. మా ముగ్గురికీ మూడు తువ్వాలలు, మాది ఎరుపు, సదానందం వాళ్ళది నీలం, మొండయ్య వాళ్ళది పసుపు. తలుపు మీద ఏ తువ్వాల ఉంటే గది ఆ పూట వాళ్ళది. మిగతా నలుగురూ మాట్లాడకుండా పోయి చాయ్ హోటల్లో కూర్చునేవాళ్ళం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. ఎవరూ నోటితో చెప్పలేదు. కొమురవ్వా నేనూ కూడా ఈ యాభై ఏళ్ళలో దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. ఆమె తువ్వాల వేసేది, నేను చూసేవాణ్ణి, అంతే.

రవీంద్ర అప్పుడే జోల్వా నుంచి వచ్చాడు. మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"అవ్వా, గిదేంది? బాపును బజార్ల నిలబెట్టినవు!"

"బజార్ల ఏడ నిలబడ్డడు. ఇంట్లకు పోతున్నడు, చూడు," అంది కొమురవ్వ.

నవ్వు ఇంకా పెరిగింది. ఆ నవ్వుల్లో ఒక కొత్త నవ్వు వినిపించి నేను తిరిగి చూశాను. కరుణ. గుమ్మం పట్టుకుని, వంగిపోయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది. నాలుగు నెలల్లో ఆ పిల్ల పళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి.

అది చూసి కూడా నేను పోయి బొంతను లాగేశాను. మడత పెట్టలేదు, చుట్టచుట్టి ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టాను. కొమురవ్వ అడ్డం రాలేదు. "నోటితోని చెప్పుడు సిగ్గయితే చేతితోని కుట్టిన," అని మాత్రం అంది. తర్వాత నాతో మాట్లాడడం మానేసింది.

నేను మాట్లాడకపోవడం ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. "ఆకలయితున్నదా? అయితున్నట్టున్నది. తింటవా? తిను." ఇట్లా నా జవాబులు కూడా ఆమే చెప్పుకునేది. ఇప్పుడు గిన్నె వచ్చేది, చాయ్ వచ్చేది, మాట వచ్చేది కాదు. కరెంటు పోయిన కార్ఖానాలా ఉంది ఇల్లు. ఆ నిశ్శబ్దంలో కరుణ తన బట్టలు కొన్ని కొన్నిగా సంచిలో సర్దుకుంటున్న చప్పుడు కూడా వినపడేది.

పది రోజులు గడిచాయి. ఓ పెళ్ళికి పోవాలని ధోవతి కోసం పెట్టె తెరిచాను. పైనే బొంత. ఇంట్లో రవీంద్ర నిద్రపోతున్నాడు, ఆడవాళ్ళు గ్యాలరీలో ఉన్నారు. ఎవరూ చూడడం లేదు కదా అని ఒళ్ళో పరుచుకున్నాను. ఆ రోజు నేను నా లాగు తప్ప ఏదీ చూడలేదు. ఇప్పుడు ఒక్కొక్క తలుపూ చూశాను. ఎరుపు తువ్వాల, నీలం, పసుపు, మళ్ళీ ఎరుపు. అట్లా ఎనిమిది. తొమ్మిదో తలుపు కింద మూలన ఉంది. దాని మీద తువ్వాల లేదు. ముందు ఆడ చెప్పులు ఒక జత. మగ చెప్పులు దూరంగా, బొంత అంచు దాకా పోయి, బయటికి తిరిగి ఉన్నాయి. హజీరా బస్సు వైపు పోతున్నట్టు.

ఆ పూట పెళ్ళికి పోలేదు.

సాయంత్రం లలితమ్మ చెల్లెలి కూతురు సుభాషిణి వచ్చింది. ఒక కాలేజీలో బొమ్మలు నేర్పే టీచరు. లలితమ్మ ఫోన్లో తీసి పంపిన బొంత ఫొటో చూసి వచ్చిందట.

"పెద్దమ్మా, గిది ఎవరు నేర్పిన్రు నీకు?" అని కొమురవ్వను అడిగింది.

"దేనికి నేర్చుకోవాలె? చిందీ ఉన్నది, సూది ఉన్నది."

"దీన్ని పాప్ ఆర్ట్ అంటరు. రోజు చూసేటివే, డబ్బాలు, సినిమా పోస్టర్లు, చెడ్డీలు, అందరు దాచిపెట్టేటివి సుత, పెద్దగ, మస్తు రంగులల్ల, నవ్వొచ్చేటట్టు ముంగట పెడుతరు. నవ్వినోనికి ఇగ సిగ్గు ఏడుంటది? మా కాలేజీల వచ్చే వారం బొమ్మల ప్రదర్శన ఉన్నది. నాలుగు దినాలు గోడకు పెడుత, ఇస్తవా?"

"పెట్టె తాళం ఆయన తాన ఉన్నది," అంది కొమురవ్వ. పది రోజుల్లో నా గురించి ఆమె అన్న మొదటి మాట.

ఈ కబురు ఎట్లా పోయిందో గానీ, గంటలో సదానందం తన భార్య బుచ్చవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. సదానందం ఇప్పుడు మా తెలుగు నేతవాళ్ళ సంఘం పెద్ద. తెల్ల అంగీ, జేబులో రెండు పెన్నులు.

"బావా, మార్కండేయ స్వామి పేరు మీద సంఘం నడుపుతున్నం. రేపు గుజరాతోల్లు గా బొంత చూసి, తెలుగోల్లు గిసుంటోల్లా అంటే ఇజ్జత్ ఏం గావాలె?"

"నవ్వుతరు బాబాయ్, గంతే," అంది సుభాషిణి.

"నవ్వుతరనే కద బిడ్డా నా పరేషాన్."

రవీంద్ర లేచి కూర్చున్నాడు. "చెప్పు బాపూ. వద్దని నువ్వొక్క మాట చెప్పు, అయిపోతది."

అందరూ నా వైపు చూశారు. లలితమ్మ వాళ్ళింట్లో టీవీ కూడా ఆగిపోయింది. నేను లేచి, పెట్టె తీసి, బొంతను మంచం మీద పరిచాను. సదానందం కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గీ లాగు ఎవలది?" అన్నాడు. ఎవరిదో వాడికి తెలుసు. ఒకే గదిలో ఆరేళ్ళు ఉన్నాం.

"నాదే," అన్నాను.

సదానందం గొంతు సవరించుకున్నాడు. వేలు నీలం తువ్వాల మీదికి పోయి ఆగింది.

"మరి గిది..."

"చెప్పాల్నా తమ్ముడూ?" అంది కొమురవ్వ.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కానీ అప్పటికే బుచ్చవ్వ మంచం మీద కూర్చుని ఆ నీలం గుడ్డ అంచు తడుముతోంది. "అయ్యో వదినా, అంచుకు రెండు తెల్ల గీతలు గూడ కుట్టినవు. గట్లనే ఉండె. మా పెద్దోడు గా తువ్వాల పుణ్యమే కదనే!"

"నోరు ముయ్యి," అన్నాడు సదానందం. కానీ వాడి పొట్ట అప్పటికే ఊగుతోంది. నవ్వు ఆపుకోలేక కళ్ళద్దాలు తీసేశాడు. తలుపు దగ్గర లలితమ్మ, "మాకు తువ్వాల లేకుండె, చీపురు బయట పెడుతుంటిమి," అంది, ఎవరూ అడగకుండానే. దాంతో మంగ పరదా వెనక్కి పారిపోయింది. పరదా ఊగుతోంది, లోపల ఆమె నవ్వడం తెలుస్తోంది.

"సంఘం పేరు మాత్రం రాయకుండ్రి," అని చెప్పి సదానందం చెప్పులు వెతుక్కున్నాడు.

సుభాషిణి బొంత తీసుకుపోయింది. మేం పోలేదు గానీ ఫోన్లో ఫొటోలు పంపింది. పెద్ద తెల్లగోడ, దాని మీద నా లాగు. ముందు ఒక గుజరాతీ ముసలామె నిలబడి నవ్వుతోంది. మా ఇంట్లో తలుపుకు గొడుగు తగిలించేవాళ్ళం అని చెప్పిందట. కొమురవ్వ ఆ ఫొటోను చాలాసేపు చూసి, "అయితే వాళ్ళకు గూడ ఒకటే గది," అంది.

అందరూ నవ్వారు, అంతా బాగుంది. కానీ కరుణ సంచి గోడ దగ్గర అట్లాగే ఉంది. టికెట్ మల్లేష్ ఫోన్లో అట్లాగే ఉంది. నవ్వితే సిగ్గు పోతుందేమో గానీ, వాళ్ళిద్దరికీ ఇల్లు ఖాళీ కాదు కదా.

గురువారం బండి. బుధవారం మల్లేష్‌కు సెలవు. పొద్దున తొమ్మిదింటికి రవీంద్ర వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, ఫ్యాన్ కింద చాప పరుచుకున్నాడు. నేను పోయి ఫ్యాన్ ఆపాను.

"కరెంట్ పోయిందా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"లే. డుమాస్ పోదాం."

రవీంద్ర కళ్ళు తెరిచాడు. నేను ఎక్కడికైనా పోదామనడం వాడు పుట్టాక ఇదే మొదటిసారి.

"సముద్రానికా? గీ ఎండల? రాత్రంత మిషిన్ల నడుమ నిలబడ్డ బాపూ, కాళ్ళు పీకుతున్నయి."

"ఇసుకల పండుకో."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మంగ పరదా పక్కకు తీసి నన్ను చూసింది, మల్లేష్‌ను చూసింది, తర్వాత ఎవరినీ చూడకుండా గబగబా చేతులు తుడుచుకుంది. "లేవుండ్రి జర, మామ ఎన్నడు అడుగుతడు," అని మొగుడి చేయి పట్టి లేపింది.

కరుణ కూడా తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

"నువ్వేడికి?" అంది కొమురవ్వ.

"అందరు పోతున్రు కద బాపమ్మా."

"అందరు గాదు. మేం నలుగురం. బియ్యం డబ్బాల ఉన్నయి, వంకాయలు బుట్టల ఉన్నయి. వండుకోండ్రి, తినుండ్రి. వాడు నీతోని ఎన్నడన్న కూసుండి తిన్నడా?"

కరుణ చేతిలో దువ్వెన అట్లాగే ఆగిపోయింది. మల్లేష్ మాత్రం ఒక్కసారిగా గోడకున్న మేకును పరీక్షించడం మొదలుపెట్టాడు. ఆ మేకులో ఏమీ లేదు. అచ్చం నాలాంటివాడే, వాడికి క్యాలెండర్ అందలేదు, అంతే.

గ్యాలరీలో లలితమ్మ టిక్కీల పళ్ళెంతో కూర్చుని ఉంది. "అందరు కలిసి ఎటు పోతున్రు?"

రవీంద్ర ఏదో చెప్పబోయాడు. ఆసుపత్రికి అనో, గుడికి అనో చెప్పేవాడే. నేను ముందే చెప్పాను.

"పిల్లలకు ఇల్లు ఇడిసిపెట్టి పోతున్నం."

చాలీలో పది గదులకూ వినపడింది. లలితమ్మ పళ్ళెం కింద పెట్టింది. "మంచిగ చేస్తున్నవన్నా. మీరు పోండ్రి, నేను గీడనే కూసుంట. ఒక్కన్ని మీ తలుపు కొట్టనియ్య."

"నువ్వు కావలి గూడ వద్దు," అంది కొమురవ్వ. "నువ్వు సుత నడువు."

అట్లా అయిదుగురం బయల్దేరాం. రెండు బస్సులు మారాం. డుమాస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది, ఎండకు పెనంలా కాలుతుంది. ఒక భజియాల బండి పక్కన గుడ్డ పందిరి కింద కూర్చున్నాం. రవీంద్ర దస్తీ ముఖం మీద వేసుకుని అయిదు నిమిషాల్లో గురక మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు ముగ్గురూ చీరలు మడమల పైకి ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి పోయారు. ముప్పై ఏళ్ళుగా సూరత్‌లో ఉంటున్న మంగ సముద్రంలో కాలు పెట్టడం అదే మొదలు. అల వచ్చినప్పుడల్లా లలితమ్మను పట్టుకుని అరుస్తోంది. వచ్చి కూర్చున్నాక కూడా ఎవరూ ఇంటి సంగతి ఎత్తలేదు. వంకాయలు పుచ్చులున్నాయేమో, ఉప్పు డబ్బా దొరికిందో లేదో, ఇట్లా వంట సంగతులే మాట్లాడుకున్నారు. మాట్లాడుతూ మధ్య మధ్య ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు దిగమింగుకున్నారు.

కొమురవ్వ టమాటా భజియా ఒకటి నా చేతిలో పెట్టింది. "కారముందా? ఉన్నట్టున్నది. తిను, ఏం గాదు," అంది. పాత పద్ధతిలో, నా జవాబు కూడా తనే చెప్పి. నా మనసు కుదుటపడింది.

పొద్దు వంగాక ఆమె ఫోన్ మోగింది. ఆమె చేతులకు నూనె ఉంది. నేను తీశాను.

"బాపమ్మా..." కరుణ గొంతు.

"నేను."

అటు పక్క మల్లేష్ నవ్వుతూ ఏదో అంటున్నాడు, ఈ పిల్ల ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి ఊకో అంటోంది.

"తాతా, ఏం జేస్తున్రు?"

"భజియాలు తింటున్నం."

"రేపు గోధుమలు పట్టియ్యాలె అన్నది కద అత్తమ్మ. గిర్నీకి నేను పోతనని చెప్పు."

రేపు బండి పోయే రోజు. నేను ఆ మాట ఎత్తలేదు. "చెప్త," అన్నాను.

"బస్సెక్కిన్రా తాతా?"

"ఎక్కలే. ఎక్కాల్నా?"

ఆ పిల్ల, నాలుగు నెలల్లో మాతో గట్టిగా ఒక్క మాట మాట్లాడని పిల్ల, స్పష్టంగా అంది:

"వద్దు. చీకటి పడ్డంక రాండ్రి."

"సరే బిడ్డా," అని ఫోన్ పెట్టేశాను.

"ఎవరు మామా? కరుణనా?" మంగ ఆత్రంగా ముందుకు వంగింది. "ఏమంటది?"

"రేపు గిర్నీకి తను పోతదట. మనల్ని చీకటి పడ్డంక రమ్మన్నది."

మంగ ముఖం సముద్రం వైపు తిప్పుకుంది. భుజాలు ఊగాయి. లలితమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది, ఇద్దరూ ఇక ఆపుకోలేకపోయారు. ఆ నవ్వుకు రవీంద్ర దస్తీ తీసి లేచి కూర్చున్నాడు.

"ఏమైంది? పోదామా?"

"పండుకో," అన్నాను. బండి వాడికి చెయ్యి ఎత్తి ఇంకో రెండు ప్లేట్లు చెప్పాను.